గీత లేని చెట్టు

కళావతి గంజి వారుస్తుంటే వీధిలోంచి సూర్యారావు గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చినా అరుగు మీద కూర్చుని, టీ తాగాకే కబురు విప్పే మనిషి అతను. ఆ రోజు చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చేశాడు.

"వదినా, తూరుపు చరియలో పెద్ద వేగిస సెట్టు కొట్టీసినారు!"

"ఏటీ?"

"గొడ్లు తోలుకెళ్లి నా కళ్లతో సూసినాను. సెట్టు పడేసి పైన రొట్ట కప్పినారు."

కళావతి చేతిలో గిన్నె ఒరిగి గంజి సగం నేలపాలయింది. ఆమె అది చూసుకోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి నడిచింది. అరుగు మీద భర్త బాబూరావు ఉలికి పదును పెడుతున్నాడు. మాటలన్నీ అతని చెవిన పడ్డాయి. అయినా తలెత్తలేదు. సానరాయి మీద ఉలి చప్పుడు మాత్రం ఆగింది.

అది రెండువేల నాలుగు, శ్రావణమాసం. టెక్కలి దాటాక హైవే దిగి నాలుగు మైళ్లు లోపలికి వెళితే వేగిసపాడు. కళావతి ఆ ఊరికి కోడలిగా వచ్చేనాటికి ఊరి వెనక కొండ బోడిగా ఉండేది. కాంట్రాక్టర్లు బళ్ల మీద, లారీల మీద కలపంతా తోలుకుపోగా మిగిలినవి మోళ్లు. వంటచెరకు కోసం ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచేవారు. వన సంరక్షణ సమితి పెట్టినప్పుడు అధ్యక్ష పదవికి మగవాళ్లెవరూ ముందుకు రాకపోతే కళావతి ఒప్పుకుంది. ఇంటికొక రోజు చొప్పున కాపలా. కాపలా కర్ర ఏ ఇంటి గుమ్మానికి ఆనించి ఉంటే ఆ రోజు కొండ బాధ్యత ఆ ఇంటిది. పదేళ్లు అలా కాస్తే మోళ్లు చిగిర్చాయి, మద్ది, వేగిస, గుగ్గిలం మళ్లీ తలెత్తాయి.

పాతకాలం చెట్టంటూ మిగిలింది ఆ పెద్ద వేగిస ఒక్కటే. బండి వెళ్లలేని రాతి అంచున ఉండబట్టి బతికింది. ఎండాకాలం దాని గింజలు గాలికి ఎగిరి చరియంతా పడేవి. తూర్పున మొలిచిన వేగిసల్లో సగం దాని పిల్లలే. ఈ ఏడు మొదటిసారిగా కొండ మీద కోతకు అనుమతి వచ్చింది. ముదిరినవి, ఎండినవి, పక్కచెట్లను ఎదగనివ్వనివి ఏరి, ముప్పై చెట్ల మీద అటవీశాఖ సెక్షన్ ఆఫీసరు, సమితివాళ్లు కలిసి తెల్లరంగు గీత గీశారు. గీత ఉన్నది కొట్టాలి, లేనిది ముట్టుకోకూడదు. పెద్ద వేగిస మీద గీత లేదు.

కళావతి కొండెక్కి రొట్ట తొలగించి చూసింది. మోడు మీద ఎర్రటి రసం కారి, చినుకుల్లో కలిసి రాయి మీదికి జారింది. తరవాత కోత వైపు చూసింది. గంటు నున్నగా, ఒకే వాలున ఉంది. అంత చెట్టూ రెండు బండల మధ్య సందులోకి పడింది. కింద ఒక్క పిల్లచెట్టు కూడా విరగలేదు. అలా పడగొట్టగలిగినవాళ్లు ఊళ్లో ఇద్దరే ఇద్దరు. ఇద్దరూ ఆమె ఇంట్లోనే ఉన్నారు, భర్త, మావ. అంతకన్నా గుండెలో గుచ్చుకున్న మాట ఇంకొకటుంది. నిన్నటి కాపలా ఆమె ఇంటిదే. తాను సమితి పని మీద టెక్కలి వెళ్లింది. ఊరంతా దిగువ పొలాల్లో ఊడుపుల్లో ఉంది.

ఇంటికి వచ్చేసరికి బాబూరావు అదే చోట కూర్చుని ఉన్నాడు.

"బావా, నిన్న కొండ మీద నువ్వేనా ఉన్నావు?"

"ఉన్నాన్లే."

"నువ్వుంటే సెట్టెలగ పడింది?"

అతను ఉలి మళ్లీ సానరాయి మీద పెట్టాడు.

"నిన్నే. సూర్యారావు ఊరంతా సెప్పీసుంటాడీపాటికి. నాకైనా నిజం సెప్పు."

"సరే. నానే కొట్టినాననుకో. రాసుకో మీ పుస్తకంలో."

"అనుకోడమేటి? కొట్టినావా, నేదా?"

బాబూరావు ఉలి విసిరేసి లేచాడు. "పదేళ్లయింది కళా. నీ కొండ పచ్చబడింది. నా బాడిస తుప్పట్టింది. తుఫాన్లో ఉద్దానం పనసలు పడిపోతే రెండేళ్లు ఆ కర్రతో నెట్టుకొచ్చినాను. ఇప్పుడదీ నేదు. కాశీబుగ్గాయన కొత్తింటికి పదకొండు తలుపులడిగినాడు, సేవున్న ముదురు కర్రతో సెయ్యమని. రెండుసార్లు మనిషిని పంపినాడు. ఏటని సెప్పను? మా ఇంటిది కొండకి పెద్ద, నాకు మాత్రం కర్ర నేదనా?"

"నా కొండేటి? అందరిదీని."

"అందరిదీ అయితే నాదెందుకు కాదు?"

వెనక గదిలోంచి దగ్గు వినిపించింది. పెంటయ్య బాబూరావు తండ్రి, కళావతికి మేనమావ. డెబ్బై దాటినవాడు. ఒళ్లు నొప్పులంటూ పొద్దున్నుంచి మంచం దిగలేదు. "అమ్మీ, కాసిన్ని నీళ్లు" అన్నాడు. కళావతి లోటా తీసుకెళ్లి మంచం పక్కన పెట్టి, ఆయన ముఖమైనా చూడకుండా వెనక్కి తిరిగింది. కండువాలో దాచుకున్న చేతులు ఆయన బయటికి తియ్యలేదు.

ఆ పగలంతా ఆమెకు కాలు నిలవలేదు. అన్నం వండి తినలేదు. ఊడ్చినచోటే మళ్లీ ఊడ్చింది. కిందటేడు చిన్నమ్మి ఇంటి మీద తాను వేసిన శిక్ష పదేపదే కళ్ల ముందుకు వచ్చింది. మొగుడు పోయిన మనిషి. కప్పు కూలిపోతోందని పచ్చి మద్దివాసం ఒకటి కొట్టుకుంది. రెండేళ్లు ఆ ఇంటికి సమితి కర్ర ఇవ్వకూడదని తానే రాసింది. చిన్నమ్మి కాళ్లు పట్టుకున్నా మార్చలేదు. ఇప్పుడు తన ఇంటి మాట వచ్చేసరికి నోరు మూసుకుంటే రేపు కాపలా కర్ర ఎవరు ముట్టుకుంటారు? నోరు విప్పితే, వడ్రంగికి రెండేళ్లు కర్ర ఆపితే, ఆ మనిషి ఏమైపోతాడు?

మధ్యాహ్నం సూర్యారావు మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వదినా, ఇంకోలిల్లయితే ఈపాటికి మీటింగు పెట్టీదానివి."

"సాయంత్రం బడి దగ్గిరికి అందర్నీ రమ్మను" అంది కళావతి.

బడి అరుగు నిండిపోయింది. ఊడుపుల నుంచి వచ్చినవాళ్లు కాళ్ల బురదతోనే నిలబడ్డారు. బాబూరావు స్తంభానికి ఆనుకుని తల వంచుకున్నాడు. అందరికన్నా ముందు చిన్నమ్మి లేచింది.

"కళావతమ్మా, నాదొక్కటే మాట. ఆ రోజు నా ఇంటికి సెప్పిన నాయం ఈ రోజు నీ ఇంటికుందా, నేదా?"

"ఉంది సిన్నమ్మీ." కళావతి సమితి పుస్తకం తెరిచింది. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. "పెద్ద వేగిస పడిన రోజు కాపలా మా ఇంటిది. కాపలా ఉన్నది మా బావ. అడిగితే కాదన్లేదు. మా ఇంటికి, బాబూరావుకి, రెండేళ్లు..."

బాబూరావు అప్పుడైనా కాదంటాడేమోనని చూసింది. అతను నేల వైపే చూస్తున్నాడు.

"ఆపమ్మీ! ఆడు కాదు."

జనం పక్కకి తప్పుకున్నారు. పెంటయ్య అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకొచ్చాడు. కండువా తీసి రెండు అరిచేతులూ ముందుకు చాపాడు. బొబ్బలు చితికి, తోలు ఊడి, పచ్చిపుండులా ఉన్నాయి.

"నాను కొట్టినాను. ఆడు నిన్న కొండ మీదే నేడు. కాపలా కర్ర నాకిచ్చి పలాస టేసనుకెళ్లినాడు."

"అయ్యా, ఊరుకో" అన్నాడు బాబూరావు.

"ఎందుకూరుకోవాల్రా? సెప్పనీ. అమ్మీ, ఆడు హైదరాబాదుకి టిక్కెట్టు తీసినాడు. వచ్చీవారం బండి. అక్కడేదో సోఫాలు సేసీ షాపంట. నీకు సెప్పొద్దని నా సెయ్యట్టుకున్నాడు. ఆడెల్లినాక నాను ఆ సెట్టు కింద కూకున్నాను. ఇదొక్కటి పడితే పదకొండు తలుపులూ అవుతాయి, నా కొడుకు ఊళ్లో ఉండిపోతాడు అనిపించింది. పొద్దున్నే మొదలెడితే దీపాల యేళకి పడింది. రాత్రి ఈ సేతులు సూసి తప్పు ఆడి మీదేసుకున్నాడు. వయసులో కాంట్రాక్టరు కింద ఈ కొండంతా కోసినోణ్ణి నానే. అదొక్కటీ అప్పుడు అందక వదిలీసినాను. ఇప్పుడు దాన్నీ కొట్టీసినాను. నాకే శిక్షెయ్యి."

కళావతికి చుట్టూ ఉన్నవాళ్ల మాటలు వినిపించలేదు. కొండ మీద ఏ మొక్క ఎంత ఎదిగిందో ఆమెకు నోటికి వచ్చు. ఇంట్లో మనిషి ఊరు విడిచి పోవడానికి సిద్ధపడ్డాడన్న సంగతి మాత్రం పదిమందితో పాటు ఇప్పుడే తెలిసింది. చేతిలో పుస్తకం పక్కన పెట్టి, మావ ముందు కూలబడి, ఆయన చేతుల్ని తన ఒళ్లోకి తీసుకుంది. పొద్దున నీళ్లిచ్చినప్పుడు ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. కన్నీళ్లు ఆ పుండ్ల మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకుంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచింది. "మావదైనా, మా బావదైనా ఇల్లొక్కటే. రెండేళ్లు మా ఇంటికి కర్ర నేదు. సెట్టు సంగతి పొద్దున్నే ఆఫీసరుకి కబురు పెడతాను."

చిన్నమ్మే మళ్లీ నోరు విప్పింది.

"శిక్ష శిక్షే. దానికి నాను కాదన్ను. గాని సమితి ముప్పై సెట్లు కొడతాది గదా, అయ్యి కోసీవోడెవుడు? పై ఊరునుంచి తెత్తారా? నా గడువైపోయినాక నా కప్పుకి వాసాలెవులు సెక్కుతారు? మీ ఇంటికి కర్ర ఇవ్వొద్దు. సమితి కర్రకి పని మాత్రం బాబూరావు సెయ్యాల. ముసలాయన ఆ తూరుపు సరియలో పిల్లసెట్లు రెండేళ్లు కాయాల."

అందరూ అదే బాగుందన్నారు. మర్నాడు సెక్షన్ ఆఫీసరు వచ్చి పెంటయ్యను కసిరి, వేలిముద్ర వేయించుకుని, జరిమానా రాశాడు. దుంగ మీద ముద్ర కొట్టించి పట్టుకుపోయాడు. ఆ వేగిసలో ఒక్క చెక్క కూడా ఊళ్లో మిగల్లేదు.

అతను వెళ్లిపోయాక కళావతి అరుగు మీద భర్త పక్కన కూర్చుంది.

"నాకెందుకు సెప్పలేదు బావా?"

"ఎప్పుడు సెప్పమంటావు? పొద్దున్న లేత్తే కొండ. సాయంత్రమైతే మీటింగు. సెప్పినా ఆ సెట్టు కొట్టనిత్తువా?"

"ఇవ్వను."

"తెలుసు. నాకూ కొట్టబుద్ధి కాదు. అందుకే ఎల్లిపోదామనుకున్నాను."

ఆమె అతని వైపు తిరిగింది. "గీతలు గీసినరోజు ఆఫీసరు వెనక పన్నెండుమందిమి తిరిగినాము. కర్రంటే తెలిసిన మనిషి నా ఇంట్లోనే ఉంటే, ఒక్కసారి రమ్మన్లేదు. అది నా తప్పు. కోతకి ముందు ఇంకోసారి సూత్తామని ఆఫీసరుకి సెప్పినాను. నువ్వు రావాల."

బాబూరావు లేచి లోపలికెళ్లి తండ్రి చేతులకి పసుపు రాస్తూ కూర్చున్నాడు.

నాలుగోనాడు వాన తెరిపిచ్చింది. సూర్యారావు, ఆఫీసరు ముందు నడుస్తుంటే కళావతి రంగు డబ్బా పట్టుకుని కొండెక్కింది. బాబూరావు ఆఖరున వచ్చాడు. మొదట ఎవరితోనూ కలవలేదు. గీత ఉన్న ఒక మద్ది దగ్గర ఆగి, గొడ్డలి మడమతో కొట్టి చెవి ఆనించాడు. మళ్లీ ఇంకోవైపు కొట్టాడు.

"ఇదెందుకు కొడతారండీ? గట్టిగుంది. ఇంకో పదేళ్లు పెరుగుతాది" అన్నాడు ఆఫీసరుతో. పక్కన గీత లేని దాన్ని కొట్టి చూపించాడు. "ఇది సూడండి, డొల్ల మాటాడతంది. ఇప్పుడు తియ్యకపోతే సెదలకే."

ఆఫీసరు చెవి ఆనించి విని తల ఊపాడు. ఒక గీత చెరిగింది, ఒకటి పడింది. తరవాత బాబూరావు నడక మారింది. చెట్టు చెట్టుకీ ముందు వెళుతున్నాడు. ఇది వంకర, తలుపుకి రాదు గాని ద్వారబంధానికి వస్తుందన్నాడు. ఇది పొట్టి, అతుకుల పలకలకి సరిపోతుందన్నాడు. కాశీబుగ్గ ఆసామి సమితి దగ్గరే కర్ర కొంటానన్నాడట, చేవ ఉంటే చాలు అతుకులైనా పరవాలేదన్నాడట. ఆ మాట సూర్యారావుతో చెబుతుంటే కళావతి వింది. తనతో మాత్రం అతను హైదరాబాదు బండి సంగతి ఇంకా ఎత్తలేదు.

తూర్పు చరియలో పెంటయ్య చేతులకి గుడ్డలు చుట్టుకుని మేకల్ని అదిలిస్తున్నాడు. మోడు మీద ఎర్రరసం గడ్డకట్టి నల్లబడింది. ఇంకా చిగురేమీ లేదు. ఆఫీసరూ సూర్యారావూ ముందుకు వెళ్లాక ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"బావా, రేపేనా బండి?"

బాబూరావు ఒక చెట్టు బెరడు మీద అరిచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇయ్యన్నీ కోసినాక నీడన ఆర్నెల్లు ఆరాల. వారానికోసారి తిప్పి పెట్టాల. పచ్చికర్రతో సేత్తే యేడాది తిరక్కుండా తలుపు వంగిపోద్ది" అన్నాడు. "దగ్గరుండి తిప్పీవోడెవుడు?"

ఆమె ఇంకా ఏదో వినాలన్నట్టు అక్కడే నిలబడిపోయింది. అతను అప్పటికే పై చెట్టు దగ్గరికి వెళ్లిపోయాడు.

"అలగ నిలబడిపోనావేటి కళా? డబ్బా అట్టుకుని ఇలగ రా. దీనికి గీత గియ్యాల."

కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రంగు డబ్బా తొణకకుండా పట్టుకుని, అతని వైపు ఎక్కింది.