గీత మీద మూత

సోమవారం ఉదయం 6:31. ఆసుపత్రి వంటమనిషి చనిపోయింది. ఇరవై రెండేళ్లు తను వంట చేసిన ఆసుపత్రి గేటు దగ్గరే, ఒక బ్రెడ్ వ్యాన్‌లో.

సైకిల్ మీద డ్యూటీకి వస్తుంటే ఏదో బండి రాసుకుంటూ పోయింది. తల రోడ్డు అంచు రాయికి తగిలింది. వెనక వస్తున్న బ్రెడ్ వ్యాన్ డ్రైవర్ చూశాడు. ఎత్తి వ్యాన్‌లో పడుకోబెట్టాడు. లేనివాళ్ల సైకిలు, ఎవరైనా పట్టుకుపోతారని దాన్నీ ఎక్కించాడు.

ఆ సైకిలే అతని కొంప ముంచింది. వ్యాన్ వెనక తలుపు అంచుకు ఆకుపచ్చ రంగు అంటింది. సైకిలు రంగూ అదే. డ్యూటీలో ఉన్న ఎస్సై ఇంకేమీ వెతకలేదు. గుద్దింది నువ్వేనని లోపల వేశాడు.

మంగళవారం సెలవు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఫైలు చదివింది. ఎస్సై అరెస్టు మంగళవారం నాటిదిగా రాశాడు. బుధవారం మూడు గంటలకల్లా డ్రైవర్‌ని కోర్టులో పెట్టాలి. అతని భార్య సోమవారం నుంచీ స్టేషన్ బెంచీ మీదే ఉంది.

"పడున్న మనిషిని చూసీ చూడనట్టు పోయుంటే, ఈపాటికి ఇంట్లో ఉండేవాడు కదమ్మా," అంది.

ఇన్‌స్పెక్టర్ ఫైలు మూసి బయల్దేరింది.

ఆ రోడ్డు మొదట్లో ఉన్న పెట్రోల్ బంకు కెమెరా చూసింది. ఆ సమయంలో ఆ రోడ్డెక్కిన బండ్లు రెండే. 6:06కి ఒక నల్ల కారు. 6:08కి బ్రెడ్ వ్యాన్.

కారు ఒక కాంట్రాక్టర్‌ది. సాయంత్రం 4:15కి ఇన్‌స్పెక్టర్ ఆయన ఆఫీసులో కూర్చుంది. ఆయన అప్పుడే భోజనం ముగించాడు. విజిటింగ్ కార్డు మూలతో పళ్ల సందులు కెలుక్కుంటున్నాడు.

"సోమవారం ఆ దారిన వెళ్లారా?"

"వెళ్లాను. రోడ్డు ఖాళీ."

"మీ కారు ఎడమ డోరు మీద గీత ఉందని మీ వాచ్‌మన్ అన్నాడు."

"నెల నాటిది. ఎవడో మేకుతో గీకాడు. తీయించేశాను. పాలిష్ షాపులోనే ఉంది, పోయి చూసుకోండి."

"ఎప్పుడు తీయించారు?"

"సోమవారం."

"నెల ఆగి, సోమవారమే ఎందుకు?"

"నా కారు, నా ఇష్టం." కార్డు మూలకు అంటినదాన్ని చూసుకున్నాడు. దాన్ని మళ్లీ దొంతర మీద పెట్టాడు. "అయినా ఆ వంటమనుషులూ వాళ్లూ, రోడ్డు తాత రాసిచ్చినట్టు తొక్కుతారు మేడమ్. కార్డు ఇమ్మంటారా?"

"వద్దు."

బయటికొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. లోపల ఆమె దేన్నీ ముట్టుకోలేదు. వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్ జీపు తీశాడు.

షాపు యజమానిని అందరూ మెరుపు మాస్టారంటారు. గోడ మీద బోర్డు: 'గీత దాచం, తీసేస్తాం.' లోపలంతా కారు షాంపూ వాసన. బబుల్‌గమ్ వాసన. ఇన్‌స్పెక్టర్ నల్ల కారు దగ్గరికి వెళ్లింది.

"షాపు ఎన్నింటికి తెరుస్తారు?"

"తొమ్మిదికండి."

"కారు 6:40 నుంచీ గేటు ముందే ఉందట. ఎదుటి టీ కొట్టాయన చెప్పాడు."

"తొందరపడ్డారేమో. మనకెందుకండీ?"

"ఏం చేశారు దీనికి?"

మాస్టారి ఛాతీ ఉబ్బింది. "కరెక్షన్! మూడు దఫాలు! రంగు మీద గాజులాంటి పొర ఉంటుందండీ. గీత పడితే చుట్టూ ఉన్న పొరని మిషన్‌తో అరగదీసి, గీత అడుగు దాకా దించాలి. అప్పుడు గీతే ఉండదు. కొందరున్నారు, గీతలో మైనంలాంటిది కూరి పైన సీలెంట్ పూసి మూతేస్తారు. మూడు నెలలు మెరుస్తుంది, తర్వాత మళ్లీ తేలుతుంది. అది దగా. నా షాపులో జరగదు."

"నా స్కూటర్‌కీ ఓ గీత ఉంది మాస్టారూ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"నీ స్కూటర్‌కి గీతలున్నాయా, గీతలకి స్కూటరుందా అన్నా?"

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. డోరు అద్దంలా ఉంది. దాని మీద తన ముఖమే కనిపించింది. అరగదీస్తే సాక్ష్యం దుమ్మై పోయినట్టే. అక్కడితో దారి మూసుకుంది.

కారు అద్దానికి ఒక కార్డు వేలాడుతోంది. షాపుకొచ్చిన ప్రతి కారుకీ మాస్టారు మీటర్‌తో పూత మందం కొలిచి, కస్టమర్ ఎదుటే రాస్తాడు. 'ఎడమ డోరు, 121 మైక్రాన్లు. వచ్చినప్పుడు.' 'పని అయ్యాక' అన్న గడి ఖాళీ.

పక్కన ఇంకో మూడు కార్లున్నాయి. మూడింటి కార్డులూ చూసింది. మూడింటిలోనూ ఆ గడి ఖాళీ.

షాపు గేటుకి కానిస్టేబుల్‌ని కాపలా పెట్టి వెళ్లింది.

బుధవారం 11:00. షాపులో కాంట్రాక్టర్, మాస్టారు, ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి వచ్చిన ఉద్యోగి. బేడీలతో వ్యాన్ డ్రైవర్. గేటు దగ్గర అతని భార్య.

"ఈయనకి మీరేం చెప్పారు?" కాంట్రాక్టర్‌ని అడిగింది.

"గీత అన్నది లేకుండా అరగదీసెయ్యమన్నా."

"మాస్టారూ, అరగదీశారా?"

"మూడు దఫాలండీ."

"ఎంత పోతుంది?"

"ఈ గీతకా? ఎనిమిది మైక్రాన్లు తగ్గదు."

"అయితే మీటర్ తెండి. కొలవండి."

మాస్టారు కదల్లేదు. ల్యాబ్ ఉద్యోగి తన మీటర్ తీసి డోరుకి ఆనించాడు. 121. జానెడు పక్కన, 122. మళ్లీ మొదటి చోట, 121.

"వచ్చినప్పుడూ నూట ఇరవై ఒకటి. మూడు దఫాలు అరగదీశాకా నూట ఇరవై ఒకటి," అంది ఇన్‌స్పెక్టర్. "ఈ నంబరు మీరే రాశారు మాస్టారూ. నిన్న అందరూ డోరే చూశారు, నేను కార్డు చూశాను. ఇప్పుడు చెప్పండి. మిషన్ పెట్టి చావు కేసులో సాక్ష్యం చెరిపేశారా? లేక కస్టమర్‌ని దగా చేశారా? రెండిట్లో ఒకటే రాసుకుంటాను."

మాస్టారు బోర్డు వంక చూశాడు. మూడు కార్ల వంక చూశాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడు.

"దగా అనే రాసుకోండి."

"ఎన్నాళ్లుగా?"

"షాపు పెట్టినప్పటి నుంచీ. అరగదియ్యాలంటే రోజంతా పడుతుందండీ. మూతెయ్యడం గంట పని. మెరిస్తే చాలు, ఎవరూ అడగరు."

"గుడ్డ తీసుకోండి."

స్పిరిట్‌తో మాస్టారే తుడిచాడు. నాలుగో తుడుపుకి మెరుపు చచ్చింది. ఆరో తుడుపుకి గుడ్డ జిడ్డుగా, పచ్చిచీములా అంటుకుంది. ఇన్‌స్పెక్టర్ ముఖం తిప్పుకోలేదు. గీత బయటపడింది. జానెడున్నర పొడవు, సైకిలు హ్యాండిల్ ఎత్తున. గాడిలో ఆకుపచ్చ. దానికి అంటుకుని పసుపు.

"ఆ సైకిలు మొదట పసుపుదే, ఆకుపచ్చ తర్వాత పూసింది," అన్నాడు డ్రైవర్ మెల్లగా. "ఎక్కిస్తుంటే చూశాను. గీసుకున్న చోట పసుపు కనబడింది."

కాంట్రాక్టర్ మాస్టారి కాలర్ పట్టుకున్నాడు. "పూర్తిగా తీసెయ్యమని చెప్పానా లేదా? నమ్మితే నా గొంతు కోస్తావురా, మోసగాడా!"

"మీరు నెల నాటి గీతన్నారు! నేను మాత్రం నమ్మలేదా?"

ఇద్దరూ ఒకరినొకరు మోసగాడని తిట్టుకుంటుంటే హెడ్ కానిస్టేబుల్ ఒక్కో మాటా రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ రెండు నిమిషాలు విన్నది. ఇంక వినబుద్ధి కాలేదు.

"బేడీలు మార్చు," అంది.

మధ్యాహ్నం 12:40కి డ్రైవర్‌ని వదిలారు. అతని భార్య ఎవరికీ దండం పెట్టలేదు. అతని చేయి పట్టుకుని గేటు దాటింది.

ల్యాబ్ రిపోర్టు శుక్రవారం 4:20కి వచ్చింది. గాడిలోని రంగులు రెండు. రెండూ ఆ సైకిలువే.

శనివారం ఉదయం 6:08కి పెట్రోల్ బంకు కెమెరా ముందు నుంచి బ్రెడ్ వ్యాన్ వెళ్లింది.