దొరగారి సంతకం

"కొంప మునిగింది!" అనుకుంది హెస్టర్ డోల్బీ.

ఆమె ముందు నకళ్ల పుస్తకం తెరిచి ఉంది. ఆల్డెన్ థియేటర్ నుంచి బయటికి వెళ్లే ప్రతి ఉత్తరాన్నీ తడిపిన పల్చటి కాగితం కింద పెట్టి, ప్రెస్సు బిగించి, నకలు తీయడం ఆఫీసు ఆనవాయితీ. పొద్దున్న పదహారు ఉత్తరాలకు తీసింది. ఆ ఊపులో పదిహేడో దానికీ తీసేసింది. అదేమో ఆఫీసు ఉత్తరం కాదు. టికెట్ల గదిలో పనిచేసే రూపర్ట్ క్విల్టర్‌కు తను రాసుకున్న సొంత ఉత్తరం.

"వెళ్లకండి. మీరు లేని ఈ థియేటర్ని ఊహించుకోలేను. ఆదివారం వచ్చి మా అమ్మతో మాట్లాడండి."

ఇంతవరకూ బాగానే ఉంది. కింద సంతకం మాత్రం ఆగస్టస్ థార్న్‌బీ అని ఉంది!

ఆగస్టస్ థార్న్‌బీ అంటే మాటలా? లండన్ నెత్తిన పెట్టుకున్న నటుడు. థియేటర్లో అందరికీ దొరగారు. ఒకావిడ ఆయన జుట్టు పోగు పంపమని రాస్తుంది. ఇంకొకాయన అయిదంకాల నాటకం పంపి, వారంలోగా ఆడమంటాడు. అందరికీ దొరగారు స్వహస్తాలతో జవాబు రాస్తారని లోకం నమ్మకం.

రాసేది హెస్టర్. రెండేళ్ల క్రితం కత్తియుద్ధం సీనులో దెబ్బ తగిలి ఆయన కుడిచేతికి వణుకు పట్టుకుంది. మహానుభావుడు కత్తిని ఎడమచేతికి మార్చి, అదేదో కొత్త విద్య అన్నట్టు చప్పట్లు కొట్టించుకున్నారు. వణుకు సంగతి తెలిసింది ఆయనకూ, హెస్టర్‌కూ మాత్రమే. ఎవరికీ చెప్పనని ఆమె ఒట్టేసింది. అప్పట్నుంచీ ఆయన రాతే రాసీ రాసీ, మనసులో మాట రాసేటప్పుడు కూడా చెయ్యి అదే దారిన పోయింది. సంతకంతో సహా!

ఒకే కప్పు కింద ఉండి కూడా, చేతికివ్వడానికి సిగ్గుపడి పోస్టులో వేసింది. లండన్ పోస్టు సంగతి తెలిసిందేగా, పన్నెండింటికి వేస్తే రెండింటికల్లా తలుపు తడుతుంది. గడియారం చూసింది. మూడు దాటింది.

ఆస్ట్రేలియా వెళ్లే నాటక కంపెనీ రూపర్ట్‌ను రెండేళ్లకు పిలుస్తోంది. "వెళ్లనా, ఉండనా? మీరు ఎలా అంటే అలా" అని అతను నిన్న రాశాడు. ఇవాళ అయిదింటికి ఏజెంటు కాగితాలు పట్టుకుని వస్తాడు.

తలుపు తోసుకుని రూపర్టే వచ్చాడు. రోజూ ఏదో వంకతో వచ్చి, ఆమెను ఏడిపించందే పోని మనిషి. ఇవాళ మొహంలో నవ్వు లేదు.

"నా ఉత్తరం దొరగారికి చూపించారన్నమాట, మిస్ డోల్బీ."

"లేదండీ! దేవుడి తోడు!"

"మరి ఇదేమిటి? మా అమ్మతో మాట్లాడండిట! దొరగారి తల్లి పోయి ఇరవై ఏళ్లయింది. ఇద్దరూ కూర్చుని తెగ నవ్వుకున్నట్టున్నారు."

"ఎవరూ నవ్వలేదండీ."

"అయితే ఇది రాసిందెవరు?"

నేనే అంటే, ఆ రాత మీకెలా వచ్చిందంటాడు. అది చెబితే ఒట్టు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నన్ను అడక్కండి," అంది నేల చూపులు చూస్తూ.

"అడగన్లెండి. ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క రాస్తే పోయేదిగా! నా బాధ నేను పడేవాణ్ణి. దాన్ని వేళాకోళం చేస్తారా?" అతను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయిదింటికి సంతకం పెట్టేస్తున్నాను. సిడ్నీ నుంచి ఉత్తరాలు రాసి విసిగించను. భయపడకండి."

మధ్యాహ్నం ఆటలో రెండో అంకం అయ్యేసరికి నాలుగున్నర. హెస్టర్ ఒక్క పరుగున మెట్లెక్కి దొరగారి గదికి వెళ్లింది. ఆయన రాజు వేషంలో టీ తాగుతున్నారు. జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

"అంటే, టికెట్ల గది కుర్రాడు లేకపోతే నేను బతకలేనని, నా సంతకంతో ఊళ్లోకి వెళ్లిందా!"

"ఊళ్లోకి కాదండీ. కిందికే."

"ఇంకోటి రాసి నీ పేరు పెట్టివ్వు."

"ఏం రాసినా మీ రాతే వస్తోందండీ. నా రాత నాకు మిగల్లేదు." ఆమెకు ఏడుపు ఆగలేదు. "ఒట్టు తియ్యమని అడగడానికొచ్చాను. మీరు కాదంటే నోరు మెదపను. కానీ ఆయన వెళ్లిపోతారు. నేను తట్టుకోలేను."

దొరగారు తన కుడిచేయి వంక చూసుకున్నారు. "ఇది బయటపడితే జనం నా నటన చూడరు. దీన్నే చూస్తారు. తెలుసా?"

"తెలుసండీ."

ఆయన టీ కప్పు పక్కన పెట్టేశారు.

"సరే, ఒట్టు తీసి గట్టున పెట్టు. వెళ్లి వాణ్ణి తీసుకురా. రాజాజ్ఞ అని చెప్పు."

ఏజెంటు అప్పటికే వచ్చి మెట్ల కింద కాగితాలు విప్పుతున్నాడు. రూపర్ట్ చేతిలో కలం ఉంది. రాజాజ్ఞ కాబట్టి వచ్చాడు గానీ, గదిలో కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

దొరగారు కలం సిరాలో ముంచి, ఒక కాగితం మీద తన పేరు రాయడం మొదలుపెట్టారు. చెయ్యి గజగజలాడుతోంది. ఆయన పూసుకున్న రంగు మీదుగా చెమట కారింది. అన్నీ కోడిగీతలే.

"ఇదీ నా సంతకం. రెండేళ్లలో ఇంకెవరికీ చూపించలేదు."

రూపర్ట్ ఆ కాగితం చూశాడు. జేబులోని ఉత్తరం తీసి చూశాడు. హెస్టర్‌ను చూశాడు.

"అంటే... ఊళ్లో జనం ఫ్రేములు కట్టించుకున్నవన్నీ..."

"ఈ మాట గడప దాటకూడదు, క్విల్టర్!"

"దాటదండీ, నాదీ పూచీ." తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఇది మీదేనా?" అన్నాడు హెస్టర్‌తో.

"ప్రతి మాటా నాదే. పేరొక్కటే తప్పు పడింది."

"నోటితో చెప్పండి. ఈ థియేటర్లో కాగితం మీద ఉన్నదేదీ నేనిక నమ్మను."

మూడో అంకానికి గంట మోగింది. దొరగారు కదల్లేదు. "జనం కాసేపు ఆగుతార్లే. ముందు ఇది తేలనీ," అన్నారు.

హెస్టర్‌కు మొహం ఎర్రబడింది. కాగితం మీద ఎన్ని రాసినా, ఈ నాలుగు ముక్కలు పైకి అనడానికి ప్రాణం పోయినంత పనైంది.

"వెళ్లకండి, రూపర్ట్. నాకు మీరు కావాలి."

అతన్ని అలా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. రూపర్ట్ ఒక్క అంగలో గది దాటి, మెట్ల మీంచి కిందికి వంగి, హాలంతా వినబడేలా కేకేశాడు.

"ఏజెంటు గారూ! ఆ కాగితాలు మడిచేసుకోండి. ఆదివారం నాకు వీళ్ల అమ్మగారితో పనుంది!"