పదకొండు అడుగులు జరిగిన రాకెట్

ఆ ఉదయం పొయ్యి మీద బియ్యప్పిండి పుట్టు ఉడికిందో లేదో చూడకముందే మెటిల్డ వెనక కొట్టంలో పాత వల ఉందో లేదో చూసింది. లేదు.

మొన్న వలకి కట్టే పెద్ద బంతులు రెండు మాయమయ్యాయి. నిన్న కొబ్బరి తాడు చుట్ట. ఇవాళ వల. దొంగ పడితే గిన్నెలు పోవాలి, కోడిపెట్ట పోవాలి. చేపల కంపు కొట్టే సామాను మాత్రమే ఏరుకుని పట్టుకుపోయే దొంగ బయటివాడు కాదని ఆమెకి అర్థమైపోయింది.

"లీనా! నా వల ఏదే?"

కోడలు నోట్లో బ్రష్షుతోనే గుమ్మంలోకి వచ్చింది. "పార్కుకి పట్టుకెళ్ళానమ్మచ్చీ. పిల్లలు పాకి ఎక్కడానికి. అక్కడికి కొత్త ప్లాస్టిక్ కొనకూడదని నియమం పెట్టుకున్నాం కదా. చిరిగిపోయిందేగా అది?"

"చిరిగింది, చావలేదు. మా మామ తరంవాళ్ళు తుంబలో రాకెట్లు ఎగరేయడానికి అక్కడి చర్చినే ఇచ్చేశారు. నేను వల ఇవ్వనా? అడిగి ఉంటే ఇచ్చేదాన్ని."

"అడిగితే ఇచ్చేవారా?"

మెటిల్డ ఒక్క క్షణం నిజాయితీగా ఆలోచించింది. "ఇచ్చేదాన్ని కాదు. అయినా అడగాలి."

తుంబ పక్కనే ఉన్న ఆ ఊళ్ళో, ఊరి చర్చికీ సముద్రానికీ మధ్య పడి ఉన్న ఇసుక నేలలో పంచాయతీ పార్కు కట్టిస్తోంది. కట్టడాలు గీసే చదువు చదివిన లీనకే ఆ పని అప్పగించారు. వల బంతులు గ్రహాలవుతాయట. రేవులో పడవలకి గుర్తుగా తేలి తుప్పు పట్టిన పెద్ద బోయా గురుగ్రహం. సూర్యుడి నుంచి శనిదాకా పిల్లలు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవాలి. మధ్యలో రాకెట్ జారుడుబల్ల. వాన నీళ్ళు తొట్టిలోకి, ఎండ దీపాల్లోకి. ఇదంతా మెటిల్డకి బాగానే ఉంది. బాగాలేనిది మొగుడు.

క్లీటస్ సముద్రం మానేసిన ఈ రెండేళ్ళలో అరుగు మీది కుర్చీలోంచి టీకి తప్ప లేవలేదు. అలాంటి మనిషి రోజూ గడ్డం గీసుకుని, ఉతికిన ముండు పంచె కట్టుకుని కోడలితో పార్కుకి బయల్దేరుతున్నాడు. ఇద్దరూ కాగితం మీదికి వంగి గుసగుసలు. మెటిల్డ వస్తే చప్పున ఆపేస్తారు.

"ఏంటయ్యా, అంత రహస్యం?"

"చుక్కలు," అన్నాడు క్లీటస్. "శిలువ చుక్క, ఓడ చుక్క. పిల్లల కోసం లీన వాటిని పార్కు నేల మీద పరుస్తుంది."

"ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నాకొక్క చుక్క చూపించలేదు."

"నువ్వు అడగలేదుగా."

ఈ సమాధానం పొద్దున వల విషయంలో తను అన్న మాటకి బాగా దగ్గరగా ఉండటంతో మెటిల్డకి ఇంకా ఒళ్ళు మండింది.

ఇంతలో కొడుకు బెన్సన్ గొడవ ఒకటి. సోమవారం మంగళూరు వెళ్ళి అక్కడి పెద్ద పడవల్లో చేరిపోతానంటున్నాడు. ఎనిమిది నెలలకోసారి ఇంటికి. "ఇక్కడ చేప లేదమ్మచ్చీ. రెండేళ్ళుగా డీజిల్ మాత్రమే తగలేస్తున్నా."

ఆ రేవులో ప్రతి ఇంటికీ సముద్రం అడుగున ఒక రాతిదిబ్బ ఉంటుంది. చేపలు గుంపు కట్టేది అక్కడే. నీళ్ళ మీద దానికి గుర్తేమీ ఉండదు. పడవలోంచి చూస్తే గట్టు మీది రెండు ఆనవాళ్ళు ఒకే వరసలో, ఒకదాని వెనకొకటి పడేలా పడవని నిలపాలి. ఆ ఆనవాళ్ళేమిటో తండ్రి కొడుక్కి చెప్పేది పడవలోనే, ఆ దిబ్బ మీదే, ఒక్కసారే. నేల మీద నోరెత్తకూడదు. పెళ్ళానికైతే అసలు చెప్పకూడదు. దారి చూపే యంత్రంలో పెట్టుకుంటే రేపే రేవంతా పాకిపోతుందని క్లీటస్ అదీ చేయలేదు. కొడుక్కి మాత్రం, "చేప అక్కణ్ణుంచి పోయిందిరా, ఇక లాభం లేదు," అని చెప్పి ఊరుకున్నాడు.

శనివారం పక్కబట్టలు దులుపుతుంటే కోడలి పరుపు కింద మెటిల్డకి కాగితం దొరికింది. పార్కు బొమ్మ. దాని మీద ఎర్ర పెన్సిలుతో ఒక గీత. చర్చి శిలువ దగ్గర మొదలై, రాకెట్ మీదుగా, తిన్నగా సముద్రంలోకి.

పడవ ఎక్కకపోయినా బెస్త ఇంటి ఆడదానికి ఆ గీతేమిటో తెలుసు. కడుపున పుట్టినవాడికి చెప్పని దిబ్బని ఈ మనిషి కోడలికి చెప్పేశాడు. ఆ పిల్లేమో పిల్లలు నేర్చుకోవాలంటూ పార్కు బోర్డు మీద గీయించబోతోంది!

మధ్యాహ్నం అందరి కంచాల్లో చేపల కూర పడేదాకా ఓపిక పట్టింది. తర్వాత కాగితాన్ని పళ్ళెం పక్కన పరిచింది.

"ఇదేంటో చెప్పండి. ఇద్దర్లో ఎవరు చెప్పినా సరే."

బెన్సన్ గీత చూశాడు, తండ్రిని చూశాడు. "అప్పచ్చా! మన దిబ్బా? దీనికి చెప్పావా?"

"ఒట్టు, మావయ్య ఏమీ చెప్పలేదు," అంది లీన. "రాకెట్‌ని పదకొండు అడుగులు దక్షిణానికి జరపమన్నారు, అంతే. ఎందుకని అడిగితే మాట మార్చేశారు. తర్వాత నలభై అడుగుల ఎత్తు కావాలన్నారు. తర్వాత కొస తెల్లగా ఉండాలన్నారు. అప్పుడు నేనే గీత గీసి చూశాను. ఎవరికీ చెప్పనని మేరీమాత మీద ఒట్టు వేశానమ్మచ్చీ, అందుకే పరుపు కింద..."

"రాకెట్ ఎక్కడుంటే నీకేంటయ్యా?" మెటిల్డ మొగుడి వైపు తిరిగింది.

క్లీటస్ చేపలోంచి లేని ముల్లు ఒకటి తీయబోయాడు.

"తాటిచెట్టు పడిపోయింది," అన్నాడు.

ఎవరికీ ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. రెండేళ్ళ కిందటి తుపానుకి ఆ ఇసుకలోని ఒంటి తాటిచెట్టు, శిలువకి జోడు ఆనవాలు, కూలింది. కొడుకుని దిబ్బకి తీసుకెళ్దామనుకున్న నెలలోనే. చేప ఎక్కడికీ పోలేదు. పోయింది దారి. మూడుసార్లు ఒంటరిగా వెళ్ళి వెతికి, దొరక్క, ఆ సిగ్గుకి సముద్రమే మానేశాడు.

"ఒక వాసం పాతుకోవాల్సిందిగా!" అన్నాడు బెన్సన్. గొంతులో కోపం ఉంది గానీ నిలబడటం లేదు.

"వాసం పాతితే ఎందుకని రేవంతా అడుగుతుంది. రాకెట్‌ని ఎవడడుగుతాడురా?"

మెటిల్డ ఆలోచన ఇంకా తాటిచెట్టు దగ్గరే ఉంది. "నేను చేపల గంప పెట్టుకుని నీకోసం నిలబడే చెట్టా?"

"అదే. అంత దూరానికి నువ్వేం కనబడతావు! కానీ కింద ఉంటావని తెలుసుగా. ఆ చెట్టునే చూసుకుంటూ..." క్లీటస్ అక్కడ ఆగిపోయాడు. ఈసారి నిజంగా ముల్లు అడ్డం పడిందేమోనని లీన నీళ్ళిచ్చింది.

మెటిల్డ కళ్ళు తుడుచుకుంది. కూరలో కారం ఎక్కువైందని అనడానికి లేదు, వండింది తనే. అందుకని బెన్సన్ మీద పడింది. "సోమవారం మంగళూరు లేదు. రాకెట్ లేచేదాకా ఆగు."

బెన్సన్ ఆగాడు.

ఐదు వారాలకి రాకెట్ లేచింది. సగం ఎత్తు దాకా పిల్లలకి, పై సగం దీపాలకి కరెంటిచ్చే ఎండ పలకలకి, కొస సున్నమంత తెలుపు. మర్నాడు తెల్లారుతూనే తండ్రీ కొడుకులు పడవెక్కారు. అత్తాకోడళ్ళు రాకెట్ నీడలో నిలబడ్డారు. పడవ చిన్నదై, చుక్కై, అటూ ఇటూ కొంచెం జరిగి, ఒకచోట నిలిచిపోయింది. ఎంతసేపటికీ కదల్లేదు.

"ఆగింది," అంది లీన.

"నాకు కళ్ళున్నాయి," అంది మెటిల్డ, కోడలి చెయ్యి వదలకుండా.

మధ్యాహ్నం పడవ బరువుగా ఒడ్డెక్కింది. ఎక్కడ పట్టారని అడిగినవాళ్ళకి క్లీటస్ ఉత్తర దిక్కు చూపించి హాయిగా అబద్ధం చెప్పాడు. బెన్సన్ అవునన్నట్టు తలూపి తండ్రి చేతిలో తాడు అందుకున్నాడు.

పార్కు చూడటానికి వచ్చిన పంచాయతీ మెంబరు సుగుణన్ తన దగ్గరున్న కాగితం తిప్పి తిప్పి చూశాడు. "మొదటి బొమ్మలో ఈ రాకెట్ అటువైపు ఉండాలి కదా. ఎందుకు జరిపారు?"

లీన నోరు తెరిచేలోపే మెటిల్డ గంప కింద పెట్టి అడ్డొచ్చింది.

"నాకు నీడ కోసం. ముప్పై నాలుగేళ్ళు ఇక్కడే నిలబడ్డాను. ఇప్పుడు వేరేచోట నిలబడమంటావా?"

సుగుణన్ నవ్వి వెళ్ళిపోయాడు. అంత తేలిగ్గా ఎందుకు నమ్మాడోనని, అతను మలుపు తిరిగేదాకా మెటిల్డ అనుమానంగా చూస్తూనే ఉంది.