రాని మనిషి హాజరు

తలుపు తోసుకుని లోపలికొచ్చిన మనిషి రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులున్నాయి. ఆ సంగతి ఆమెకే తెలియదు. సహాయకుడు అప్పడు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"అక్కా, నన్ను జైల్లో ఏసేస్తారు. నాను ఆ ఇంటికి ఎల్లనే నేదు. ఎల్లినానని మిషను సెప్తాంది."

మలేషియాలోని సుంగై పెటానిలో డిటెక్టివ్ భార్గవి ఆఫీసుకి ఏడుస్తూ వచ్చేవాళ్ళు కొత్త కాదు. టాక్సీ తోలడం మానేసి ఆమె దగ్గర చేరిన అప్పడు ఎంతోమందిని చూశాడు. ఈమె మాత్రం ఏడవడం లేదు. రెప్ప వేయకుండా గోడని చూస్తోంది.

భార్గవి మంచినీళ్ళు చేతికిచ్చింది. "ముందు కూర్చో అమ్మా. ఏటి జరిగిందో మొదట్నుంచి చెప్పు."

ఆమె పేరు యోగేశ్వరి. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు స్నానం చేయించి, తినిపించి, మందులిచ్చి వచ్చే కేర్‌టేకర్. ఇలాంటివాళ్ళు నిజంగా వెళ్ళారో లేదో తేల్చడానికి చట్టం ప్రకారం ప్రతి ఇంట్లో ఒక హాజరు మిషను పెట్టారు. అరచేతిలో ఇమిడిపోతుంది. కేర్‌టేకర్ తన కార్డు తాకించాలి, రోగి బొటనవేలు నొక్కాలి. రెండూ కుదిరితే పచ్చదీపం వెలిగి రోగిని పేరు పెట్టి పలకరిస్తుంది. కుదరకపోతే ఎర్రదీపం.

యోగేశ్వరి చూసుకునే నరసమ్మ నిన్న సాయంత్రం బాత్‌రూంలో శవమై కనిపించింది. పోర్ట్ క్లాంగ్ నుంచి లారీ తోలుకుని ఇంటికొచ్చిన కొడుకు ఉదయ్ చూశాడు. తుంటి విరిగింది, తలకి దెబ్బ. మిషనేమో నిన్న పొద్దున యోగేశ్వరి వచ్చినట్టూ, నరసమ్మ వేలు నొక్కినట్టూ చూపిస్తోంది.

"అంటే కిందపడి ఉన్న మనిషి వేలు పట్టుకుని నొక్కి, అలాగే వదిలేసి పోయావంటున్నారు" అంది భార్గవి.

యోగేశ్వరి తల అడ్డంగా ఊపింది.

"ఎల్లుంటే ఒగ్గేస్తానా అక్కా? ముందురోజు ఆళ్ళ కోడలు మోహనప్రియ ఫోన్ సేసినాది. అత్తని పినాంగ్ తీసుకెల్తన్నాం, రేపు రావద్దు అన్నాది. ఇప్పుడేమో, మందులు అడగడానికి సేసినానంటాంది."

"నీ కార్డు ఎక్కడుంది?"

"ఆ ఇంట్లోనే మేకుకి తగిలించి ఒచ్చేస్తాను. రోజూ ఎల్లే ఇల్లే గదా."

"రోజూ వెళ్ళగానే ఏం చేస్తావు?"

"కార్డు తాకించి మిషను కోడలి సేతికిస్తాను. నాను ఒంటింట్లో నీళ్ళు పడేస్తాను. ఆవిడ అత్త గదిలోకి ఎల్లి ఏలు ఏయించి తెస్తాది. ఎప్పుడూ పచ్చదీపమే."

భార్గవి లేచింది. "అప్పడూ, కారు తియ్యి."

ఆ ఇంట్లో ముగ్గురున్నారు. ఉదయ్ నేలమీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మోహనప్రియ సోఫా అంచున ఉంది, కళ్ళు వాచి. కేర్‌టేకర్లని పంపే కంపెనీ సూపర్‌వైజర్ శరవణ్ నిలబడే ఉన్నాడు.

యోగేశ్వరిని గుమ్మంలో చూడగానే ఉదయ్ చెయ్యెత్తి మీదికొచ్చాడు. అప్పడు అడ్డం పడి ఆపాడు.

"దీన్ని ఎందుకు తెచ్చినారు? మా అమ్మని కుక్కలా ఒగ్గేసి పోయింది! రాత్రిపూట అమ్మని ఒంటరిగా ఒగ్గొద్దని మోహనప్రియకి పదేపదే సెప్పి ఎల్లినాను, పగలు ఇది సూసుకుంటాదనే గదా!"

"ఆ మాట తేల్చడానికే వచ్చాను తమ్ముడూ" అంది భార్గవి. శరవణ్ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నేనేం అనేది మేడమ్? మనిషి అబద్ధం చెబుతుంది, మిషను చెప్పదు లా" అన్నాడు, మలేషియా వాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

"ఈ ఇంట్లో నరసమ్మగారి పేరూ వేలిముద్రా నమోదు చేసింది మీరేనా?"

"నేనే. ఇదే సోఫాలో కూర్చుని చేశాను. మోహనప్రియ టీ కూడా ఇచ్చారు."

భార్గవి మోహనప్రియ పక్కన కూర్చుంది. "నిన్న నువ్వెక్కడున్నావమ్మా?"

"పినాంగ్‌లో. ఫ్రెండు పెళ్ళి. తెల్లారకముందే బయల్దేరి, చీకటిపడ్డాక వచ్చాను."

"ముందురోజు రాత్రి?"

"ఇక్కడే. నేను బయల్దేరేటప్పుడు అత్తయ్య హాయిగా నిద్రపోతున్నారు. యోగేశ్వరికి తాళం ఇచ్చాం కదా, వస్తుందనే ధైర్యంతో వెళ్ళాను."

"అబద్ధం, రావద్దన్నాది ఈవిడే" అంది యోగేశ్వరి.

ఉదయ్ చేతిలో తల్లి గుర్తింపు కార్డు ఉంది. దాని మీది ఫొటోని వేలితో రాస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. "ఈ కార్డు మార్పించడానికి నానే తీసుకెల్లినాను. ఎస్టేటులో రబ్బరు చెట్లు గీసి గీసి, ఆ చెట్ల పాలు విరగ్గొట్టే యాసిడ్‌లో సేతులు పెట్టి పెట్టి, అమ్మ ఏళ్ళు గాజులా నున్నగైపోనాయి. ఆఫీసరమ్మ తుడిసింది, తడిపింది, అన్ని ఏళ్ళూ నొక్కించింది. ఒక్కటీ పడనేదు. 'నా గీతలన్నీ సెట్లకి గీసేసినాను తల్లీ' అనింది మా అమ్మ. ఆఫీసంతా ఒకటే నవ్వు."

అప్పడికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. భార్గవి నవ్వలేదు. ఉదయ్ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత మరి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అక్కడినుంచి ఆసుపత్రికి వెళ్ళారు. భార్గవి డాక్టరుతో మాట్లాడి వచ్చి కార్లో కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. ఇన్నేళ్ళలో ఆమెని అలా చూడలేదు అప్పడు.

"ఏటైనాదమ్మా?"

"రేపు పొద్దున అందర్నీ ఆ ఇంటికే రమ్మను. ఇన్‌స్పెక్టర్ రామన్‌ని కూడా."

మర్నాడు అందరూ హాల్లో చేరారు. రామన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. భార్గవి హాజరు మిషను తీసి బల్లమీద పెట్టింది. మేకుకున్న యోగేశ్వరి కార్డు తీసి దానికి తాకించింది. వేలి కోసం మిషను చిన్నగా మోగింది.

"శరవణ్, దీన్లో నరసమ్మగారి పేరు తీసేశారా?"

"ఇంకా లేదు మేడమ్."

"అయితే మీరే ముందు నొక్కండి."

శరవణ్ నొక్కాడు. ఎర్రదీపం. యోగేశ్వరి నొక్కింది. ఎర్రదీపం. ఉదయ్ ఏమీ అర్థంకాక నొక్కాడు. ఎర్రదీపమే.

"మోహనప్రియా, నువ్వు."

"నేనెందుకు? నేను ఊళ్ళోనే లేనన్నాను కదా!" చెయ్యి పైటలో దాచుకుంది.

"నొక్కమ్మా" అన్నాడు రామన్. గట్టిగా కూడా అనలేదు.

ఆమె వేలు మిషను మీద ఆనింది. పచ్చదీపం వెలిగింది.

"సెలమత్ పగి, నరసమ్మ" అని శుభోదయం చెప్పింది మిషను.

చచ్చిపోయిన మనిషిని పిలిచినట్టు పిలిచింది, ఆ పిలుపుకి పలికింది కోడలు.

"నరసమ్మగారి వేళ్ళు సర్కారు మిషనుకే పడలేదు" అంది భార్గవి. "మరి ఇక్కడ రోజూ పచ్చదీపం ఎలా వెలిగింది? ఆ వేలు ఆవిడది కాదు కాబట్టి. నమోదు రోజు శరవణ్ సోఫాలో టీ తాగుతుంటే, మిషను గదిలోకి తీసుకెళ్ళింది మోహనప్రియ. అత్త వేలు పడలేదు. పడలేదంటే కేర్‌టేకర్‌ని పంపరేమోనని తన వేలు నొక్కేసింది. అందులో పాపం ఏమీ లేదు. ఆనాటి నుంచి రోజూ తనే నొక్కుతోంది. యోగేశ్వరి వంటింట్లో ఉంటుంది, ఆమెకి తెలియదు. మొన్న పొద్దున కూడా ఆ వేలే పడింది. అంటే మొన్న పొద్దున మోహనప్రియ ఈ ఇంట్లోనే ఉంది."

మోహనప్రియ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"డాక్టరు చెప్పాడు, నరసమ్మగారు పడింది అంతకు ముందురోజు రాత్రి. ఇక్కడే ఉంటే చూసేదానివి, ఆ రాత్రి నువ్విక్కడ లేవు. రాత్రిపూట అత్తని ఒంటరిగా వదలొద్దని ఉదయ్ పదేపదే చెప్పి వెళ్ళాడు, అయినా పెళ్ళికెళ్ళావు. సంగతి బయటపడకూడదని యోగేశ్వరిని రావద్దన్నావు. తెల్లారి వచ్చి బాత్‌రూంలో చూశావు. భయపడ్డావు. మేకుకున్న కార్డు తీసి తాకించి, వేలు నొక్కి, మళ్ళీ పినాంగ్ వెళ్ళిపోయావు. నేరం యోగేశ్వరి మీద పడాలని."

"నేను చంపలేదు!" మోహనప్రియ అరిచింది. "నేను వచ్చేసరికే చచ్చిపోయి ఉంది. ఒళ్ళంతా చల్లగా... ఉదయ్ నన్ను వదిలేస్తాడని భయమేసింది. పోయిన మనిషికి ఇంకేం చెయ్యగలను?"

భార్గవి ఉదయ్ వైపు చూసింది. తర్వాత చెప్పవలసిన మాట ఉదయ్ ముందు చెప్పడానికి ఆమెకి నోరు రావడం లేదని అప్పడికి తెలిసింది.

"పడింది రాత్రి. ప్రాణం పోయింది మధ్యాహ్నం."

ఆ మాట మొదట ఎవరికీ ఎక్కలేదు. ఉదయ్‌కి ఎక్కింది.

"ఇది ఏలు నొక్కినప్పుడు... అమ్మ బతికే ఉందా?"

"ఉంది తమ్ముడూ. స్పృహ లేదు. రాత్రంతా తడి నేలమీద ఒళ్ళు చల్లబడిపోయింది. అప్పుడు ఆసుపత్రికి చేర్చి ఉంటే బతికేదన్నాడు డాక్టరు."

రామన్ వచ్చి మోహనప్రియ భుజం పట్టుకుని లేపితే, నడక మర్చిపోయినదానిలా అతని వెంట వెళ్ళింది. ఉదయ్ ఆమె వైపు చూడలేదు.

శరవణ్ గొంతు సవరించుకుని యోగేశ్వరితో, "నీ మీద ఇంక కేసేమీ లేదు లా. ఇంటికెళ్ళు" అన్నాడు.

ఆమె కదల్లేదు.

ఉదయ్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. నిన్న కొట్టడానికి ఎత్తిన చెయ్యే ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియక వేలాడుతోంది.

"అక్కా, రేపు అమ్మని ఇంటికి తెస్తన్నారు. ఆఖరిపూట దగ్గరుండడానికి నాకు ఆడదిక్కు నేదు. నువ్వు వొస్తావా?"

యోగేశ్వరి తలెత్తింది. ఇంతసేపూ లేని కన్నీళ్ళు అప్పుడు దిగాయి.

"వొస్తాను బాబూ. ఈసారి ఎవరు ఒద్దన్నా వొస్తాను."