ఎడమవైపు రాని బంతి

"మేడమ్, ఈ ఉత్తరం రాసిన దొంగవెధవ ఎవడో శనివారంలోగా తేల్చాలి!"

బడిలో అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పే కోచ్ బెంకో కుర్చీలో కూర్చోకుండానే కాగితం బల్ల మీద పడేశాడు. ఆరడుగుల మనిషి. మనాంగహీలా నది ఒడ్డున ఉక్కు మిల్లును నమ్ముకుని బతికే ఆ ఊళ్ళో అతని గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆ గొంతే ఇప్పుడు పీలగా ఉంది.

డిటెక్టివ్ లెనోరా హాస్కా కళ్ళజోడు సర్దుకుని ఉత్తరం పైకే చదివింది. 'పెర్కోవిచ్ లాంటి చేతులు మీకు ఇంకెక్కడా దొరకవు. అయినా దయచేసి అతన్ని తీసుకోకండి. ఈ ఏడాదే కాదు, ఎప్పటికీ వద్దు.' సంతకం లేదు.

"కాలేజీ జట్టుకు ఆటగాళ్ళను ఎంపిక చేసే విట్‌లాక్ గారు శనివారం వస్తున్నారు," అన్నాడు కోచ్. "స్టెఫ్ పెర్కోవిచ్ ఆటను ఆఖరిసారి చూసి స్కాలర్‌షిప్ ఖాయం చేయాలి. ఇంతలో ఆయనకు ఈ ఉత్తరం వెళ్ళింది. దీన్ని నాకు పంపి, 'పిల్లాడిలో ఏదో లోపం ఉంది, దాస్తున్నారా?' అని నన్నడిగారు. తండ్రి లేని పిల్లాడు మేడమ్. ఇది పోతే మిల్లే గతి."

"ఆయన వస్తున్నట్టు ఎవరెవరికి తెలుసు?"

"సోమవారం మా కుర్రాళ్ళకు చెప్పాను. బయట ఎవరికీ తెలీదు. తపాలా ముద్ర కూడా సోమవారానిదే. స్టెఫ్ లేకపోతే అతని స్థానంలో ఆడే రికీ మీదే నా అనుమానం."

కోచ్ వెళ్ళాక ఆర్లో అన్నాడు, "రికీయే అయ్యుంటాడు మేడమ్. అసూయ!" ఇరవై ఏళ్ళు బస్సు నడిపి, ఆపైన ఆమె దగ్గర సహాయకుడిగా చేరిన మనిషి అతను. తన ఊహ తప్పయినప్పుడల్లా ఆమె మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

"అసూయపడేవాడు 'అలాంటి చేతులు దొరకవు' అని రాస్తాడా, ఆర్లో? 'దయచేసి' అంటాడా?"

ఆ మధ్యాహ్నం వాళ్ళు స్టెఫ్ ఇంటికి వెళ్ళారు. తల్లి మిల్కా క్యాబేజీ నూడుల్స్ వడ్డించి, కొడుక్కి ఎడమపక్క కాఫీ పెట్టింది. రొట్టె అందుకోబోయిన స్టెఫ్ మోచేయి తగిలి కప్పు దొర్లిపోయింది.

"ఈ నెలలో ఇది నాలుగో కప్పురా! అడుగు ముందు ఏముందో చూసుకోవు," అంది మిల్కా.

"ఆటగాణ్ణి కదమ్మా, కప్పులు పట్టుకోవడం రాదు," అని నవ్వాడు స్టెఫ్. ఆర్లో కూడా నవ్వాడు. లెనోరా నవ్వలేదు.

మర్నాడు బడిలో కోచ్ ఆ ఏడాది ఆటల ఫిల్ములన్నీ తెరమీద వేసి చూపించాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ లూథర్ గేన్స్, పట్టేవాడు స్టెఫ్. మొదటి నాలుగు ఆటల్లో బంతి అన్ని వైపులకూ వెళ్ళింది. నాలుగో ఆట చివర స్టెఫ్ తల నేలకు గట్టిగా కొట్టుకుంది. తర్వాతి ఆటల్లో ఎడమవైపు మైదానం ఖాళీగా ఉన్నా, అతనికి వచ్చిన ప్రతి బంతీ కుడిభుజం మీదికే వచ్చింది. లూథర్ విసిరిన బంతుల్లో తొమ్మిది అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాయి.

"మొండివాడు," అన్నాడు ఆర్లో.

"చూద్దాం," అంది లెనోరా.

శనివారం పొద్దున్న స్టెఫ్, మిల్కా, లూథర్, కోచ్ అందరూ అదే గదిలో చేరారు. విట్‌లాక్ నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లెనోరా స్టెఫ్‌ను గది మధ్యలో నిలబెట్టింది.

"ఎదురుగా తెరనే చూడు బాబూ. తల తిప్పకు. నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

అతని ఎడమపక్క, జానెడు దూరంలో, తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"స్టెఫ్..." అంది మిల్కా. అతను ఉలిక్కిపడి తిరిగాడు. తల్లి ముఖం చూడగానే అతని భుజాలు కిందికి జారిపోయాయి.

"నాలుగో ఆట నుంచి అతనికి ఎడమవైపు కనబడటం లేదు," అంది లెనోరా నెమ్మదిగా. "స్కాలర్‌షిప్ పోతుందని ఎవరికీ చెప్పలేదు. కానీ ఒక్కడు కనిపెట్టాడు. అందుకే బంతులన్నీ కుడివైపే విసిరాడు. తన పేరు చెడినా సరే. ఇక్కడైతే కాపాడగలిగాడు, కాలేజీలో ఎవరు కాపాడతారు? ఆ భయంతోనే ఉత్తరం రాశాడు. అవునా లూథర్?"

లూథర్ తల వంచుకున్నాడు. "అవునండీ."

"నువ్వా?" స్టెఫ్ అతని వైపు తిరిగాడు. "నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా రా!"

"చెప్పాను! మూడుసార్లు చెప్పాను డాక్టరు దగ్గరికి పోదామని. ప్రతిసారీ నవ్వేశావు. ఆ వైపునుంచి ఎవడైనా నిన్ను గుద్దితే... నేను చూస్తూ ఉండాలా?"

స్టెఫ్ రెండడుగులు వేసి లూథర్ భుజం మీద నుదురు ఆనించాడు. కోచ్ బెంకో కిటికీవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

విట్‌లాక్ గొంతు సవరించుకున్నాడు. "ఈ క్వార్టర్‌బ్యాక్ ఒక వైపే చూస్తాడు, పనికిరాడు అని రాసుకున్నాను," అంటూ ఆ పేజీ చింపి జేబులో కుక్కుకున్నాడు. "అబ్బాయ్ లూథర్, నీ ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పు."

సోమవారం పిట్స్‌బర్గ్‌లో స్టెఫ్‌కు కంటి ఆపరేషన్ జరిగింది. లోపలి పొర చిరిగిందనీ, ఇంకొక్క దెబ్బ తగిలితే కన్ను పూర్తిగా పోయేదనీ డాక్టరు చెప్పాడు. చూపు సగం దక్కింది. ఆట మాత్రం ఇక లేదు.

పదిరోజుల తర్వాత ఆర్లో పళ్ళు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. కోసిన కన్ను కదలకూడదని స్టెఫ్ రెండు కళ్ళకూ కట్లు కట్టారు. మంచం పక్కన లూథర్ కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం చదివి వినిపిస్తున్నాడు. 'ఒక కంటితో ముప్ఫై ఒక్క బంతులు పట్టినవాడికి ఆట ఎంత తెలుసో ఆలోచించాం. పెర్కోవిచ్ మైదానంలో ఆడకపోయినా ఇస్తామన్న స్కాలర్‌షిప్ ఇస్తున్నాం. మా కోచ్‌ల పక్కన కూర్చుని పని నేర్చుకోవచ్చు.'

స్టెఫ్ చెయ్యి చాచి కాగితం అంచు తడిమాడు.

"మళ్ళీ చదవరా," అన్నాడు.

లూథర్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి రెండో వాక్యం దాటలేకపోయాడు. ఆర్లో పళ్ళ సంచి కింద పెట్టి, అతని చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది తనే చదివాడు.