ఎనిమిది ముడులు

కోరుట్ల. 2011 అక్టోబరు. శుక్రవారం, పొద్దున తొమ్మిది.

ఒక్కటే బుల్లెట్. సైలెన్సర్ పెట్టిన పిస్టల్. పక్కింటి అమీర్‌బీకి తన కుక్కర్ విజిల్ తప్ప ఇంకేమీ వినిపించలేదు.

పార్లర్‌లో అద్దం ముందు కుర్చీలో నాహీద్ కూర్చున్నట్టే ఉంది. తల కొంచెం పక్కకు వాలింది. గుమ్మంలో ఏజెంట్ ఆనందం చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు.

ఊళ్లోవాళ్లకు ఆయన కంప్యూటర్ మెకానిక్. పాత స్కూటరు, భుజాన సంచి, నెరిసిన మీసం. అసలు పని ఇరవై ఆరేళ్లుగా గూఢచర్యం. నాహీద్ డబుల్ ఏజెంట్. కోబాల్ట్ అనే విదేశీ ముఠా దగ్గర జీతం తీసుకుంటూ, వాళ్ల గుట్టు ఆయనకు చేరవేసేది. ఆమె వీధిలో నడిస్తే కోరుట్ల సగం ఆగి చూసేది. ఆమె అసలు పేరేమిటో మాత్రం ఆయనకు తెలియదు. అడగకపోవడమే ఈ ఉద్యోగంలో మర్యాద.

"ముఖానికి ఏం గాలేదు సాబ్," అంది అమీర్‌బీ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని. "పండుకున్నట్టే ఉన్నది పోరి."

అదీ ఒక దయే. అలాంటివి ఆనందం కళ్లకు తగులుతాయి. మూడేళ్ల కింద భార్య సుమిత్ర పోయినప్పుడు ఆసుపత్రిలో ముక్కూ మొహం తెలియని ఆయా ఒకామె సుమిత్ర చెదిరిన జడ విప్పి, దువ్వి, మళ్లీ అల్లింది. ఆ రోజు విన్న ఓదార్పు మాటలన్నీ మర్చిపోయాడు గానీ ఆ ఆయా వేళ్లు ఇంకా గుర్తున్నాయి.

నాహీద్ కుడి చేతికి ఒక్క గోరుకే ఎర్ర రంగు ఉంది. పక్కన నెయిల్ పాలిష్ సీసా ఖాళీగా పడి ఉంది. గాజు గ్లాసులో దువ్వెన పళ్లు పైకి ఉన్నాయి. అది వాళ్లిద్దరి కోడ్. మెసేజ్ పంపాను అని అర్థం.

జేబులో ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి చీఫ్.

"నాహీద్?"

"పోయింది సార్."

అవతల పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు. అంతకంటే ఎక్కువ దుఃఖపడే తీరిక చీఫ్ కుర్చీకి లేదు.

"దువ్వెన?"

"పళ్లు పైకే ఉన్నాయి సార్."

"మెసేజ్ మన సర్వర్‌లో ఉంది. మాకు తెరుచుకోవడం లేదు. సిరిసిల్ల మెషిన్ కీతో లాక్ చేసింది. ఆ మెషిన్ నాలుగు రోజులుగా ఆఫ్‌లైన్."

"టైమ్?"

"ఒంటి గంట. జగిత్యాలలో రోడ్డు మీద వంటావార్పు ధర్నా. అంతవరకే తెలుసు. బాంబు ఏ సామానులో ఉందో ఆ మెసేజ్ చెప్పాలి."

"జనాన్ని ముందే లేపలేమా సార్?"

"తెలంగాణ సమ్మె మొదలై నెల దాటింది. ఇప్పుడు పోలీసులు వచ్చి బాంబుంది లేవండి అంటే నువ్వు నమ్ముతావా?"

ఆనందం నమ్మడు. ధర్నా చెడగొట్టే ఎత్తనుకుని ఇంకా గట్టిగా కూర్చుంటారు.

"వంటవాడి వేషంలో రమేశ్ అక్కడే ఉన్నాడు. బాంబు తీగ తెంపడం వాడికి వచ్చు. ఎక్కడుందో తెలియదు. వెళ్లు."

వెళ్లే ముందు ఆనందం అమీర్‌బీ వైపు తిరిగాడు. "ఒక్కదాన్నే వదిలిపెట్టకమ్మా."

"నేనేడికి పోత బేటా," అంది ఆమె, కుర్చీ పక్కన నేల మీద కూలబడుతూ.

*

కథలాపూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప. రాస్తారోకో. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని నడిరోడ్డు మీదే కూర్చున్నారు. కంప ముందు ఒక తెల్ల కారు ఆగి ఉంది. వెనక సీట్లో సూటు వేసుకున్న విదేశీయుడు. బట్టల వ్యాపారి అట. డ్రైవర్ బతిమాలుతున్నాడు.

"అవ్వా, సారుకు ఫ్లైటుకు టైమైతున్నది."

"ఫ్లైటుకు మా ఊరి తొవ్వెందుకు బిడ్డా? పైనుంచెల్లి పొమ్మను," అంది ఒక ముసలమ్మ, ఆకు కత్తిరిస్తూ.

నవ్వులు. ఆనందం స్కూటరు దిగి సంచి చూపించాడు.

"కంప్యూటర్లు బాగుజేస్తనమ్మా. సిరిసిల్లల ఒక పానం మీది పని ఉన్నది."

ముసలమ్మ ఆయన ముఖం చూసింది. ఏం కనిపించిందో గానీ, "పోనియ్యిర్రి గీయిన్ని. ఏడ్సిన కండ్లున్నయ్," అంది. "జై తెలంగాణ అను, పో."

అన్నాడు. ఆ రోజు మొత్తంలో వేషం అక్కర్లేని మాట ఆయనకు అదొక్కటే దొరికింది.

*

సిరిసిల్లలో సాంచెల చప్పుడు లేదు. బొగ్గుగనుల సమ్మెతో కరెంటు పోతూ వస్తూ ఉంది. పవర్‌లూమ్‌ల మోత లేని ఆ ఊరు శ్వాస బిగపట్టినట్టు ఉంది. పన్నెండుకు పది నిమిషాలు.

నూలు దుకాణం ముందు లక్ష్మీరాజం కూర్చున్నాడు. అరవై దాటిన నేత మనిషి. నాలుగేళ్లుగా ప్రభుత్వ రహస్య యంత్రానికి కాపలాదారు.

"నలభై నంబరు నూలున్నదా?" అన్నాడు ఆనందం, కోడ్ ప్రకారం.

"నలభై లేదు, అరవై ఉన్నది. నాలుగేండ్ల సంది గిదే అడుగుతవ్, ఒక్క పోగన్న కొన్నవా సారు? లోపటికి రా."

"నీ బిడ్డ గీతమ్మ ఏది?"

"జగిత్యాల పోయింది. టీచర్లు సమ్మెల ఉన్నరు గద. వంటావార్పంట, పొద్దుగాల్నే జీపెక్కింది. ఫోను గూట్లనే మర్చిపోయింది, పోరి."

చెప్పకుండా పని కానిచ్చుకోవచ్చు. కానీ ఆ మనిషి కళ్ల ముందు చెప్పకుండా ఉండలేకపోయాడు.

"రాజమన్నా, ఆడ బాంబు పెట్టిండ్రు. ఒంటి గంటకు పేలుతది. ఎందుల పెట్టిండ్రో నీ ఇంట్లున్న పెట్టెనే చెప్పాలె."

లక్ష్మీరాజం అరవలేదు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో నలిపాడు.

"మరి నా మొకం ఏం జూస్తవ్? దాన్నడుగు."

*

వెనక గదిలో ఇనుప బీరువా. లోపల గోడకు బోల్టులు బిగించిన లినక్స్ కంప్యూటర్. కదిలిస్తే కీ దానంతట అదే చెరిగిపోతుంది. ఆ ఏర్పాటు ఆనందానిదే. ఇంటర్నెట్ మోడెం ముందు గదిలో ఉంది. రెండింటికీ మధ్య సాంచెల షెడ్డు, దూలం వెంట పాకిన ఒక నీలి కేబుల్.

ఆయన దగ్గరున్నదానితో మొదలుపెట్టి దూరం వెళ్లే మనిషి. ముందు మన ఇల్లు, తర్వాత గడప, ఆ తర్వాతే వీధి. నల్ల స్క్రీన్ మీద కమాండ్ కొట్టాడు. నెట్‌వర్క్ కార్డ్ ఉంది, దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పలికింది. ఇంట్లో మనిషి బాగానే ఉన్నాడు. రెండో కమాండ్. *లింక్ డిటెక్టెడ్: నో.* వంగి మెషిన్ వెనక చూశాడు. కేబుల్ గుచ్చిన చోట పచ్చ దీపం వెలగడం లేదు. తప్పు గడప దాటాక ఉంది.

ముందు గదికి పరిగెత్తి మోడెంలో వేరే పోర్టుకు మార్చాడు. వెలగలేదు. సంచిలో ఉన్న ముక్క రెండు గజాలే. కొత్త కేబుల్ కొందామంటే దుకాణాలన్నీ బంద్. స్టూలెక్కి, చేత్తో తడుముతూ కేబుల్ వెంట నడిచాడు. షెడ్డు మధ్యలో వేళ్లకు ఏదో తగిలింది. తెల్ల నూలు చుట్టిన చిన్న కట్టు.

"ఆడ ఎలుకలు కొరికినయ్ సారు," అన్నాడు లక్ష్మీరాజం కింద నుంచి. "మొన్న సోమారం నేనే అతికిన. రంగుకు రంగు జూసి."

ఆనందం నూలు విప్పాడు. ఎనిమిది ముడులు. ఒక్కోటి ఆవగింజంత. పడుగులో తెగిన పోగుల్ని నేతగాడు ఎంత శ్రద్ధగా అతుకుతాడో అంత శ్రద్ధగా, నారింజకు నారింజ, ఆకుపచ్చకు ఆకుపచ్చ. ఇంజినీరు కూడా అంత అందంగా కట్టలేడు. కానీ ఒక్క తీగకూ పైన ప్లాస్టిక్ పొర తియ్యలేదు. లోపలి రాగి లోపలే ఉండిపోయింది. ముడి పడింది గానీ ఒకదాన్నొకటి ముట్టుకోలేదు.

"నూలుకు పొర ఉండదన్నా. దీనికుంటది. అది తియ్యాలె."

లక్ష్మీరాజం ముఖం పాలిపోయింది. "నలభై ఏండ్ల సంది పోగులతుకుతున్న సారు..."

ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది. పన్నెండున్నర. వెనక గదిలో యూపీఎస్ కూత మొదలైంది. పాత బ్యాటరీ, పావుగంట ఉంటే గొప్ప. మోడెం ముందు గది ఇన్వర్టర్ మీద ఉంది, దానికి ఢోకా లేదు.

ఆనందం బ్లేడు తీసుకున్నాడు. తొందరలో పొరతో పాటు రాగిని కూడా గీశాడు. మొదటి తీగ చటుక్కున తెగిపోయింది.

"ఇటియ్యి," అన్నాడు లక్ష్మీరాజం. "ఏది తియ్యాల్నో చెప్పు."

"నారింజ జంట, ఆకుపచ్చ జంట. నాలుగు చాలు."

"మరి కడమ నాలుగు?"

"ఉత్తగనే ఉంటయ్."

"మా నేత సంఘం డైరెక్టర్ల లెక్క," అన్నాడు ముసలాయన. నవ్వలేదు. గోరంత పొర గీరి, రాగిని రాగికి చుట్టి మెలేశాడు. అవే వేళ్లు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

వెనక గదిలో పచ్చ దీపం వెలిగింది.

*లింక్ డిటెక్టెడ్: యెస్.*

ఇక మెషిన్‌కు నెట్‌వర్క్‌లో అడ్రస్ కావాలి. ఎవరైనా ఉన్నారా అని మెషిన్ కేక వేసింది. మళ్లీ వేసింది. జవాబు లేదు. కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, మోడెం అడ్రస్‌లు పంచడం మర్చిపోయినట్టుంది. ఆనందం తానే చేత్తో అడ్రస్ టైప్ చేశాడు. మోడెంను పింగ్ చేసి పిలిస్తే పలికింది. బయటికి పంపితే దారి లేదంది. దారి చూపించాడు. హెడ్‌క్వార్టర్స్ సర్వర్‌ను పేరుతో పిలిచాడు.

*అన్‌నోన్ హోస్ట్.*

ఆ పేరు తెలియదట. ఒక్క క్షణం ఆయన చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. పొద్దున అద్దం ముందు వాలిన తల గుర్తొచ్చింది.

"సారూ," అన్నాడు లక్ష్మీరాజం మెల్లగా. "నా బిడ్డ."

పేరు వదిలేసి, కంఠతా వచ్చిన నంబరుతో పిలిచాడు. సర్వర్ పలికింది. తాళం తెరుచుకుంది.

*ఆనందం సాబ్. రాత్రి నూనె డబ్బాలు ఇరవై నా వెనక గదిల పెట్టిండ్రు. బాంబున్న డబ్బా అడుగున నా నెయిల్ పాలిష్ చుక్క పెట్టిన. పైన నూనె, కింద దొంగ అర. పసుపు తీగ తెంపాలె, ఎర్రది ముట్టొద్దు. బాంబు పెట్టిచ్చినోడు తెల్ల కారుల తిరుగుతడు, బట్టల సేటు వేషం. నా మీద అనుమానం వచ్చింది. ఇప్పుడు నేను పారిపోతే డబ్బాలు మారుస్తరు. గందుకే ఈడనే ఉంటున్న. మీ మీసానికి రంగు పక్కకు పెట్టిన, ఈసారన్న కాదనొద్దు.*

పైన టైమ్ ఉంది. ఉదయం 6:12.

ఆరుంబావు. లైను బాగుండి ఉంటే ఆరున్నరకు చదివేవాళ్లు. ఏడుకు కోరుట్లలో ఆమె పక్కన నలుగురు మనుషులుండేవాళ్లు. యూపీఎస్ ఒక్కసారి పొడుగ్గా కూసి ఊరుకుంది. స్క్రీన్ నల్లబడింది.

*

రమేశ్ ఫోన్ నాలుగుసార్లు కలవలేదు. ఐదోసారి కలిసేసరికి పన్నెండు యాభై ఒకటి. ఆనందం స్పీకర్ ఆన్ చేశాడు.

"నూనె డబ్బాలు చూడు. అడుగున ఎర్ర చుక్క. పసుపు తీగ."

డప్పులు, నినాదాలు, గరిటెల చప్పుడు. డబ్బాలు బోర్లిస్తున్న మోత. తర్వాత రమేశ్ గొంతు:

"మేడం, జెర లెవ్వుర్రి. గా డబ్బ గావాలె."

ఒక ఆడ గొంతు: "ఇప్పుడే కూసున్ననయ్యా, కాళ్లు గుంజుతున్నయ్. ఇంకోటి తీస్కో."

లక్ష్మీరాజం ఫోన్ మీదికి వంగాడు. "గీతా! లేవే బిడ్డా!" అని అరిచాడు. ఆ మోతలో ఆమెకు వినపడలేదు.

"పప్పుల నూనె తక్కువైంది మేడం."

"దానికి పూరా డబ్బనా? నువ్వు వంటోనివేనా?" విసుక్కుంటూనే లేచినట్టుంది. డబ్బాతో రమేశ్ పరుగు. ఏదో తలుపు. ఆపైన ఏమీ వినిపించలేదు.

ఇక్కడ కలిపిన తీగలు దూలం కింద వేలాడుతున్నాయి. అక్కడ ఒక తీగ తెగాలి. ముసలాయన తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. గోడ గడియారంలో ఒంటిగంట అయింది.

"అన్నం ఉడికింది సార్," అన్నాడు రమేశ్. పని పూర్తయింది అనడానికి అది కోడ్.

"ఎంత మిగిలింది?"

"తొమ్మిది సెకన్లు. మీరు అడగకుంటే మంచిగుండు సార్."

లక్ష్మీరాజం తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు.

"గా కబురు పంపిన బిడ్డ మంచిగున్నదా?"

"పొద్దున పోయిందన్నా. తొమ్మిదింటికి ముందు."

ముసలాయన కళ్లు దూలం వైపు తిరిగాయి. "కబురెప్పుడు పంపింది? నేను సరిగ్గ అతికి ఉంటే..."

"పోయే ముంగటనే పంపింది," అన్నాడు ఆనందం. "వైరు మంచిగున్నా టైముకు అందకపోతుండె. నీదేం లేదు."

వృత్తిలో ఎన్నో అబద్ధాలు ఆడాడు. ఇంత సులువుగా ఏదీ రాలేదు.

*

ఆనందం ఫోన్‌లో చెప్పిన తెల్ల కారు ఇంకా కథలాపూర్‌లోనే ఉంది. మూడు దేశాల పోలీసులకు దొరకని మనిషి ముళ్లకంప ముందు విస్తరాకులో పప్పన్నం తింటూ దొరికాడు. "పాపం, ఆకలైనట్టున్నది," అంది ముసలమ్మ, బేడీలు వేస్తున్న కానిస్టేబుల్‌తో. "తిననియ్యిర్రి ముందుగాల."

సాయంత్రం కోరుట్ల ఖబరస్తాన్ దగ్గర ఆనందం దూరంగా నిలబడ్డాడు. మట్టి వేయడం అయ్యాక, బయట గేటు పక్కన కాచుకుని ఉన్న అమీర్‌బీ దగ్గరికి వచ్చాడు.

"ఏం పేరు రాయాలె బేటా, రాతి మీద?"

"నాహీద్ అనే రాయమను అమ్మా."

"తలకు నేనే పోసిన. గోర్ల రంగు పోలే, ఒక్క వేలికి. ఉండనిచ్చిన." దుపట్టా కొంగులోంచి ఒక చిన్న ప్యాకెట్ తీసింది. మీసాల రంగు. పైన నాహీద్ రాత: *ఆనందం సాబ్‌కు. ఫ్రీ.*

ఆ వారం ఆయన రిపోర్టు రాశాడు. లైను పనిచేయకపోవడానికి కారణం అన్నచోట 'ఎలుకలు' అని రాశాడు. ఎలుకలకు ఎవరూ మెమో ఇవ్వరు. ఘటనాస్థలంలో స్వాధీనం చేసుకున్న వస్తువులు అన్నచోట ఖాళీ సీసా, దువ్వెన రాసి, ప్యాకెట్ సంగతి రాయలేదు.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ప్రభుత్వం కోసం ఎన్నో రహస్యాలు దాచిన మనిషి, ప్రభుత్వం దగ్గర దాచినవి ఆ రెండే. రెండోది మాత్రం, మీసం నల్లబడి ఆఫీసుకు వచ్చిన రోజునే అందరికీ తెలిసిపోయింది.