నలభై క్యారెట్ డబ్బాలు

"నలభై రోజులు బుద్ధిగా క్యారెట్టు, గుమ్మడికాయ, ఆకుకూర తిను. అదే నీ మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ నోరెళ్లబెట్టాడు. "ఇదేం మిషన్ బావా?"

"ఆఫీసులో చీఫ్ అను. కూరగాయల్లో ఉండే కెరోటినాయిడ్లు ఊబకాయాన్నీ షుగర్‌నీ ఆపగలవా అని ఒక ల్యాబ్ మూడొందల మందిమీద ట్రయల్ చేస్తోంది. చివరిరోజు రక్తం శాంపిల్స్ మార్చేయాలని విదేశీ ముఠా కాచుకుంది. నువ్వు వాలంటీర్ వేషంలో వెళ్లు. కోల్డ్‌రూమ్ తలుపు స్కానర్ అరచెయ్యి చదువుతుంది. చర్మంలో కెరోటినాయిడ్ స్కోరు నాలుగొందలు దాటితేనే తెరుచుకుంటుంది. లోపల డైటీషియన్ మన మనిషే. పైగా నీ షుగర్ బోర్డర్‌లో ఉందని మీ అక్క ఒకటే గొడవ. స్వామికార్యం, స్వకార్యం!"

డైటీషియన్ నవ్విందంటే డేగకి కోడ్‌వర్డ్ కూడా గుర్తుండేది కాదు. రెండోరోజే ఆవిడ చాటుగా క్రీమ్ కేక్ అందించింది. "ఒక్కటేగా, ఎవరు చూస్తారు?" ఆవిడ మాత్రం రోజూ క్యారెట్లే తినేది. మహానుభావుడికి అనుమానమే రాలేదు! రోజూ కేకు తిని, తన క్యారెట్ డబ్బాని గిన్నెలు కడిగే అవ్వ చేతిలో పెట్టేవాడు.

"నువ్వు తినవా బాబూ?"

"కడుపు నిండిపోయిందవ్వా. మిగిలింది పారేయ్."

నలభయ్యో రోజు, సాయంత్రం నాలుగు. డైటీషియన్ ఐస్‌బాక్సుతో కోల్డ్‌రూమ్‌లో దూరింది. వెనకే డేగ పరిగెత్తి స్కానర్ మీద అరచెయ్యి పెట్టాడు. నూటపది. ఎర్ర లైటు. చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. నూటపదే.

ఇంటర్‌కమ్‌లో నవ్వు వినిపించింది. "కేకులు బాగున్నాయా? లేబుళ్లు మార్చడానికి నాకు ఐదు నిమిషాలు చాలు."

డేగకి తల కొట్టేసినట్టయింది. తుపాకులకి బెదరనివాడు కేకు ముక్కకి లొంగిపోయాడు. ఛీ, ఎంత సిగ్గుచేటు! మూడొందల మంది కష్టం తన నాలుక పాలయింది.

వంటగదికి పరిగెత్తాడు. "అవ్వా, ఆ డబ్బాలన్నీ ఏం చేశావు?"

అవ్వ హడలిపోయింది. "పారేయడానికి చేతులు రాక నేనే తినేశాను బాబూ. తప్పా?"

"తప్పు నాది. కడుపు నిండింది కేకుల్తో. ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పాను. ఒక్కసారి రా అవ్వా!"

అవ్వ తడిచెయ్యి చీరకి తుడుచుకుని స్కానర్ మీద పెట్టింది. నాలుగొందల పన్నెండు. పచ్చ లైటు వెలిగింది. మొదటి లేబుల్ సగం ఊడి ఉండగా డేగ డైటీషియన్ చెయ్యి పట్టుకున్నాడు.

"తలుపు తెరిచావా? స్కోరెంత?" ఇయర్‌పీస్‌లో చీఫ్.

"నాలుగొందల పన్నెండు."

"శభాష్! మీ అక్కకి ఇప్పుడే చెప్తా."

ఊరుకుంటే సరిపోయేది. కానీ పక్కన అవ్వ నిలబడి ఉంది. "చెప్పకు బావా. అది గిన్నెలు కడిగే అవ్వ స్కోరు. నాది నూటపది."

 అవ్వ ఆరోజు డబ్బా తెచ్చి డేగ ముందు పెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"తిను బాబూ. ఈసారి నేను చూస్తుంటా."

ముఠా పని ఐదు నిమిషాల్లో పట్టిన ఏజెంట్ డేగకి ఆ క్యారెట్లు నమలడానికి అరగంట పట్టింది.